తెలిసింది అడగకూడదు

మా సంస్థ వార్షికోత్సవాల్లో ఇప్పటికీ ఒక కథ చెప్తారట. డెంకణికోట పక్కన ఒక ఊళ్ళో, పరీక్ష పెట్టడానికి వచ్చిన పెద్ద పండితులవారిని ఆడవాళ్ళు గడప బయట నిలబెట్టి, చెమటలు పట్టించి, ఆయన చేత పెళ్ళాం పేరు చెప్పించి, అవమానించి పంపారట. దీన్నంతా వెనక ఉండి నడిపించింది నోటి దురుసు ఎక్కువైన ఒక టీచరమ్మ అట.

ఆ టీచరమ్మను నేనే. ఆ కథలో నోటి దురుసు అన్న ముక్క ఒక్కటే నిజం. మిగతాది ఒప్పుకోను. ఆయనకు చెమట పట్టిన మాట వాస్తవమే. చింతపండు కాలంలో మిట్టమధ్యాహ్నం పట్టుపంచె కట్టుకుని వస్తే ఎవరికైనా పడుతుంది. పేరు చెప్పిన మాటా వాస్తవమే. చెప్పిన తర్వాత ఆయన ఎంతసేపు నవ్వాడో మాత్రం ఈ కథ చెప్పేవాళ్ళు చెప్పరు, ఎందుకంటే వాళ్ళెవరూ అక్కడ లేరు. ఇక నేను నడిపించానంటారా, అంత ముందుచూపు నాకు ఉండుంటే ఆ సంస్థకు నేనే కార్యదర్శిని అయ్యేదాన్ని.

ఇప్పుడు ఆదివారం క్లాసుల్లో తెర మీద బొమ్మలు చూపించి, బజరు నొక్కించి పిల్లలకు ధర్మం నేర్పిస్తున్న చెల్లెళ్ళూ తమ్ముళ్ళూ, ఇది మీ కోసం రాస్తున్నాను. మీరు అడుగుతారు, పిల్లలు జవాబు చెప్తారు, మీరు చాక్లెట్ ఇస్తారు. నేనూ అలాగే మొదలుపెట్టాను.

అది తొంభైల చివర. మా ఆయనకు హోసూరులో ఫ్యాక్టరీ ఉద్యోగం, మత్తిగిరిలో ఇల్లు. నేను బి.ఏ. చదివి, ఇంట్లో కూర్చుని గోడలతో వాదించడం మొదలుపెట్టిన దశలో ఈ సంస్థవాళ్ళు టీచర్లు కావాలన్నారు. పని ఏమిటంటే తెలుగు మాట్లాడే ఇళ్ళకు వెళ్ళి, ప్రశ్నలూ జవాబులుగా ధర్మ సూక్ష్మాలు నేర్పించడం. దేవుడు ఎక్కడ ఉన్నాడు, ధర్మం అంటే ఏమిటి, దానం ఎవరికి చేయాలి, ఇలాంటివి. ప్రశ్న మనది, జవాబు వాళ్ళది, రెండూ సంస్థ అచ్చు వేయించిన పుస్తకానివి. మత్తిగిరి క్వార్టర్సు పిల్లలతో ఏ ఇబ్బందీ రాలేదు. ఫ్యాక్టరీ వాళ్ళ పిల్లలు, అడిగిన దానికి టక్కున చెప్పడం వాళ్ళకు అలవాటు. "దేవుడు ఎక్కడ ఉన్నాడు" అంటే "అంతటా" అని అరిచి ఆటకు పారిపోయేవాళ్ళు. నేను గొప్ప టీచరునని నాకు నమ్మకం కుదిరింది. అప్పుడు నన్ను ఆ ఊరికి పంపారు.

డెంకణికోట బస్సు దిగి కొంచెం నడవాలి. అన్నీ సేద్యం చేసుకునే ఇళ్ళు. ఊరి పక్కనుంచే అడవి మొదలు. పొద్దు వాలితే మగవాళ్ళు రాగి చేల కాపలాకు పోతారు, ఏనుగుల భయం. కాబట్టి ఆడవాళ్ళకు క్లాసు మధ్యాహ్నం పెట్టాం, ఒక అవ్వ ఇంటి పెద్ద వసారాలో. ఆ కాలమంతా అక్కడ చింతకాయల కుప్ప ఉండేది. చుట్టూ కూర్చుని పెంకు కొట్టి, ఈనెలు లాగి, గింజలు తీసేవాళ్ళు. అందరి చేతుల్లో చిన్న సుత్తులు. టక టక టక.

నేను ఆ చప్పుడు మధ్య నిలబడి, గొంతు సవరించుకుని, పుస్తకంలో మొదటి ప్రశ్న వేశాను.

"దేవుడు ఎక్కడ ఉన్నాడు?"

టక టక టక.

"చెప్పండమ్మా. దేవుడు ఎక్కడ ఉన్నాడు?"

అవ్వ సుత్తి ఆపింది. "నీకు తెలీదా టీచరమ్మా?"

"తెలుసు."

"తెలిసి మమ్మల్ని ఎందుకు అడుగుతా ఉండావు?"

"మీకు తెలుసో లేదో చూద్దామని అవ్వా."

"నన్ను చూసేదానికి వచ్చినోళ్ళు కూడా ఇట్లనే అడిగినారు. సంగటికి ఎసరు ఎంత పెట్టల్ల అని. తెలీక అడిగినారా వాళ్ళు? సుమ్నే, ఊరికే నన్ను తూకం వేసేదానికి. అప్పుడు చిన్నపిల్లను, చెప్పినాను. ఇప్పుడు చెప్పను."

మిగతావాళ్ళు తలలు వంచుకుని నవ్వారు. సుత్తులు మళ్ళీ మొదలయ్యాయి.

తర్వాత వారాల్లోనూ ఇదే వరస. ధర్మం అంటే ఏమిటని అడిగితే, "నీకు తెలిసే ఉంటుంది కదమ్మా, పుస్తకం చేతిలోనే ఉండాది" అన్నారు. నాకు తెలియని విషయం ఒకటి ఆ ఊళ్ళో ఉంది. జవాబు తెలిసి ప్రశ్న అడగడం అక్కడ మర్యాద కాదు. బిడ్డల్ని అడగవచ్చు, పోలీసులు అడగవచ్చు, పెళ్ళిచూపులవాళ్ళు అడగవచ్చు. ఇంటికి వచ్చిన మనిషి అడగకూడదు. నేను చదివిన కాలేజీలో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ కాలేజీ నడిచేదే తెలిసింది అడగడం మీద.

ఒక రోజు నాకు ఒళ్ళు మండింది. పుస్తకం మూసి చాప మీద పడేశాను. "సరే. మీకు నిజంగా తెలియనిది మీరే అడగండి. నేను చెప్తాను. చెప్పలేకపోతే నేనూ కూర్చుని చింతపండు కొడతాను."

సుత్తులన్నీ ఒకేసారి ఆగాయి. ఆ తర్వాత వరద వచ్చిందనుకోండి. దేవుడు అంతటా ఉంటే గుడికి తలకు పోసుకుని పోవల్ల, ఎనుముల కొట్టంలోకి ఎట్లైనా పోవచ్చా? దేవునికి పెట్టింది దేవుడు తింటే గిన్నెలో తగ్గల్ల కదా, తినకపోతే ఇంక పెట్టేది దేనికి? మొగుడు చేసిన పుణ్యంలో పెళ్ళానికి సగం వస్తుందంటారే, మరి ఆమె చేసిందాంట్లో వాడికి ఎంత పోతుంది? ఈ చివరిది అడిగినావిడ మొగుడు ఏనాడూ పుణ్యం చేసిన దాఖలా లేదని పక్కనున్నావిడ నాకు చెవిలో చెప్పింది.

నేను పుస్తకంలో ఉన్న జవాబులనే తెచ్చి ఆ ప్రశ్నల కింద పెట్టేదాన్ని. సరిపోకపోతే వాదన. వాదన అంటే నాకు పండగ. బస్సు ఎక్కేటప్పటికి గొంతు పోయేది, మనసు మాత్రం గాలిపటంలా ఉండేది. జవాబు చెప్పలేక చాలాసార్లు చింతపండు కొట్టాను కూడా. మా ఇంటికి రసానికి కొదవ లేకపోయింది.

ఆ గుంపులో పక్కింటి కొత్త కోడలు ఒకతె ఉండేది. గురుబరపల్లి వైపు పిల్ల. హైవే పక్కన పుట్టి, బస్సుల చప్పుళ్ళ మధ్య పెరిగి, ఈ అడవి అంచుకు వచ్చి పడింది. మొదట్లో అసలు నోరు విప్పేది కాదు. ఒక రోజు తల ఎత్తకుండానే అడిగింది.

"అక్కా, పొద్దున వినాయకునికి కొబ్బరికాయ కొడతాము. రాత్రి ఆయన్నే టపాకాయలు పేల్చి చేనులోనుంచి తరుముతాము. ఇది పాపమా కాదా?"

ఎవరూ నవ్వలేదు. అందరి చేలూ ఏనుగులు తొక్కినవే. నేను పుస్తకంలో ఆపద్ధర్మం గురించి ఉన్నదంతా చెప్పాను. ప్రాణానికి, తిండికి ముప్పు వచ్చినప్పుడు మామూలు నియమం కొంచెం పక్కకు జరుగుతుందని. చెప్పేకొద్దీ ముఖాలు వాడిపోతున్నాయి. అప్పుడు నా నోట్లోంచి అదాటున ఒక మాట వచ్చింది. "పిలిచినప్పుడు దేవుడు. పిలవకుండా వస్తే ఏనుగు." వసారా అంతా గొల్లుమంది. ఆ మాట అవ్వదని ఇప్పుడు అందరూ అంటారు. కాదు, నాది. నా జన్మలో చెప్పిన మంచి మాటలు తక్కువ, ఉన్నవాటినైనా నాకు వదలండి.

అలా సాగుతుండగా మా కార్యదర్శిగారు పిలిపించారు. ఆయన ఎప్పుడూ సఫారీ సూటు వేసుకుని, మడత నలగని చేతిరుమాలుతో ముఖం అద్దుకునే మనిషి.

"ఆ ఊళ్ళో ఏం జరుగుతోందమ్మా? వాళ్ళు అడుగుతున్నారట, మీరు చెప్తున్నారట. క్లాసు తలకిందులైంది."

"తలకిందులైనా నడుస్తోంది కదండీ."

"నడిస్తే చాలదు, ఫలితం కనబడాలి. కృష్ణగిరి నుంచి పండితులవారు వచ్చి పరీక్ష పెడతారు. ఆయన అడుగుతారు, వాళ్ళు జవాబు చెప్పాలి. చెప్తే క్లాసు ఉంటుంది. లేకపోతే వానాకాలం నుంచి ఆ ఊరు తీసేస్తాం."

పండితులవారు అంటే సామాన్యులు కారు. కృష్ణగిరి చుట్టుపక్కల ఆయన ఉపన్యాసం లేని ఉత్సవం ఉండేది కాదు. మొదలుపెడితే ఆపడానికి ఎవరికీ ధైర్యం చాలేది కాదు. మైకు సెట్టువాడికి కూడా.

ఊళ్ళో ఈ సంగతి చెప్పాను. అందరికంటే ముందు ఆ కోడలు ముఖం తెల్లబోయింది. బస్సు దాకా నాతో నడిచి వచ్చింది.

"అక్కా, క్లాసు పోతే ఎట్ల? మా అత్త దేవుని పాఠం అని పంపిస్తా ఉండాది. ఇది లేకపోతే మధ్యాహ్నం నన్ను కొట్టంలోకి పంపుతుంది. ఇంక నేను మాట్లాడేదానికి ఎనుములే ఉంటాయి."

"గేదెలు ఎదురు చెప్పవు, మంచిదే కదే."

"అదే అక్కా బాధ. ఎదురు చెప్పవు."

ఆ మాట నాకు తగిలింది. ఎదురు చెప్పేవాళ్ళు లేని ఇల్లు ఎలా ఉంటుందో నాకూ తెలుసు. మా ఆయన నైట్ షిఫ్టులు చేసే మనిషి.

మరుసటి వారం బతిమలాడాను. "అవ్వా, ఈ ఒక్కసారికి ఆయన అడిగింది చెప్పండి. తెలిసి అడిగినా సరే చెప్పండి. మీకు అన్నీ తెలుసు."

"తెలుసు. అయినా చెప్పేది లేదు. అడిగేవాళ్ళకు తెలిసిన దాన్ని మళ్ళా చెప్పేది ఏం మర్యాద?"

"క్లాసు తీసేస్తారు అవ్వా."

అవ్వ ఆ గురుబరపల్లి పిల్ల వైపు చూసింది. కాసేపు ఈనెలు లాగింది. "పరీక్ష సంగతి నాకు వదిలెయ్. వచ్చే పెద్దమనిషికి ఏమేమి చేయల్లో అది చెప్పు."

నేను అక్కడ ఊరుకుని ఉంటే సరిపోయేది. "మర్యాదలో ఏ లోటూ రాకూడదు అవ్వా. కొత్త అల్లుడు మొదటిసారి గడప తొక్కుతున్నాడనుకోండి. ఆయనకు ఏమేమి చేస్తారో అన్నీ చేయండి. ఒక్కటి కూడా వదలొద్దు."

"అన్నీనా?" అంది అవ్వ.

"అన్నీ."

వాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఆ చూపును నేను వినయం అనుకున్నాను. డిగ్రీ చదివిన మనిషిని.

పరీక్ష రోజు జీపు వచ్చింది. ముందు కార్యదర్శిగారు దిగారు, తర్వాత పండితులవారు. చామనఛాయ, ఎత్తు మనిషి, ఎర్ర అంచు పట్టుపంచె. వాకిట్లో ముగ్గు, మామిడాకు తోరణం, కాళ్ళకు నీళ్ళు. ఆయన ముఖం వికసించింది. "పద్ధతి తెలిసిన ఊరు" అన్నారు కార్యదర్శితో. నాకు గర్వం. కాళ్ళు కడుక్కుని గడప దగ్గరకు వెళ్ళారు. తలుపు ఓరగా వేసి ఉంది. ఆ సందులో అవ్వ ఆరతి పళ్ళెంతో నిలబడి ఉంది, ఆమె భుజాల మీదుగా పది తలలు.

"నిలవండి సామీ."

"ఏమిటమ్మా?"

"ఇంట్లో అమ్మ పేరు చెప్పి లోపలికి రండి."

నాకు అప్పుడు వెలిగింది. ఆ పక్క ఊళ్ళల్లో కొత్త అల్లుడు గడప దాటేటప్పుడు ఆడవాళ్ళు తలుపు అడ్డం పెట్టి, పెళ్ళాం పేరు చెప్తేనే వదులుతారు. పెళ్ళాం పేరు బయటికి అనడం ఆ కాలపు మగవాళ్ళకు ప్రాణసంకటం, అదే దానిలో సరదా. ఆ అల్లుడికి ఇరవై ఐదేళ్ళు ఉంటాయి. ఈయనకు డెబ్బై దగ్గర.

పండితులవారు ముందు అర్థం కానట్లు చూశారు. అర్థమైన తర్వాత చెవుల చివరలు ఎర్రబడ్డాయి. "పేరుదేముంది తల్లీ. ఆత్మకు నామం లేదు, రూపం లేదు."

"ఆత్మకు లేకపోవచ్చు సామీ. మీకు అన్నం పెట్టే ఆమెకు ఉంటుంది కదా."

లోపల ఎవరో నోటికి కొంగు అడ్డం పెట్టుకున్న చప్పుడు. కార్యదర్శిగారు నా మోచేతి దగ్గరకు వచ్చారు. "ఏమిటమ్మా ఇది?"

"మర్యాద అండీ" అన్నాను. ఇంకేం అనను?

ఆయన ముందుకు వెళ్ళి, "చూడండమ్మా, వారు ఎంత పెద్దవారో" అని మొదలుపెట్టారు. అవ్వ పళ్ళెం కదలకుండానే, "మీరు ఉండండప్పా, మీ వంతు వస్తుంది" అంది. ఆయన గబగబా వచ్చి నా వెనక నిలబడ్డారు. అంత పెద్ద సఫారీ సూటు నా వెనక దాక్కోవడం అదే మొదలు, అదే ఆఖరు.

"నలభై ఏళ్ళు దాటింది తల్లీ మా పెళ్ళి జరిగి" అన్నారు పండితులవారు, కొంచెం బతిమలాడుతున్నట్లు. "నేను ఆ పేరు ఎన్నడూ అనలేదు. ఏమే అంటాను, పలుకుతుంది."

"సహస్రనామాలు చెప్తారు కదా సామీ దినమూ. వెయ్యి పేర్లు పలికే నోటికి ఇంకొక పేరు బరువా?"

నేను వసారా స్తంభం పట్టుకున్నాను. నవ్వు కడుపులో నుంచి పైకి వస్తోంది, దాన్ని దగ్గుగా మార్చాలని చూస్తున్నాను. ఆయన పట్టుపంచె చెంగు తిప్పుతున్నారు. కర్పూరం కరిగిపోతోంది.

"సామీ, ఇది మాకు నిజంగా తెలీదు, అందుకే అడుగుతా ఉండాము" అంది అవ్వ. ఈసారి ఆమె గొంతులో ఎగతాళి లేదు.

పండితులవారు ఆమె ముఖంలోకి చూశారు. తర్వాత ముగ్గు వైపు చూస్తూ, పెదవుల లోపల ఏదో అన్నారు.

"వినపడలేదు సామీ."

ఆయన కళ్ళు మూసుకుని, సభలో చెప్పేటంత గట్టిగా ఆ పేరు చెప్పారు. కొట్టంలో ఎనుము తల తిప్పి చూసింది. పేరు నేను ఇక్కడ రాయను. అది ఆ గడప దగ్గర ఉన్నవాళ్ళది. కానీ పేరు బయటికి వచ్చాక ఆయన ముఖం చూడాలి. మొదటిసారి చెరువు కట్ట మీంచి దూకిన పిల్లవాడిలా, ఇంతేనా అన్నట్లు. ముందు ఒక చిన్న నవ్వు, ఆ తర్వాత భుజాలు ఊగేటంత నవ్వు. తలుపు తెరిచారు. ఆరతి ఇచ్చారు. లోపలికి వచ్చి కూడా నవ్వుతూనే ఉన్నారు.

అయితే నేను "అన్నీ" అన్నాను కదా.

వసారాలో నగిషీ పీట ఒకటి వేసి, దాని మీద తువ్వాలు పరిచి ఉంది. అల్లుడు కూర్చునే పీట. పండితులవారు నవ్వుతూ నిలబడిపోయారు. కార్యదర్శిగారికి కాళ్ళు లాగుతున్నాయో, పరువు లాగుతోందో, ముందు వెళ్ళి దాని మీద కూర్చున్నారు. పీట కింద దోసిళ్ళ కొద్దీ చింతగింజలు పోసి ఉన్నాయి. పీట ఆయనను ఎక్కించుకుని వసారా ఈ చివరనుంచి ఆ చివరకు బయలుదేరి, చింతపండు కుప్పలో ఆగింది.

"ఏమప్పా, అల్లుడి పీట మీద నీవు ఎందుకు కూర్చున్నావు?" అంది అవ్వ, చాలా బాధగా.

నేను ఇక దగ్గలేదు. నేల మీద కూర్చుని నవ్వాను. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను. అప్పుడు కోడలు పిల్ల కనబడింది. ఒక మూల నిలబడి, నవ్వుతున్న వాళ్ళందరి మధ్యా భయంతో నా వైపు చూస్తోంది. నవ్వు ఆగింది. పరీక్ష ఇంకా మొదలే కాలేదు.

పండితులవారు చాప మీద కూర్చున్నారు. కార్యదర్శిగారు సూటుకు అంటిన పండు గీక్కుంటూ మార్కుల కాగితం తీశారు. ఆయన కళ్ళలో క్లాసు అప్పటికే మూసి ఉంది.

"దేవుడు ఎక్కడ ఉన్నాడు తల్లీ?" అని అడిగారు పండితులవారు.

అవ్వ నెమ్మదిగా అంది. "మీకు తెలీదా సామీ?"

"తెలుసమ్మా."

"తెలిసింది మా ఊళ్ళో అడగరు సామీ. మీరు మమ్మల్ని తూకం వేసినట్లు ఉంటుంది. మీకు తెలీంది ఏమన్నా ఉంటే అడగండి, తెలిస్తే చెప్తాము."

కార్యదర్శిగారు కాగితం మీద సున్నా పెట్టడానికి పెన్ను మూత తీశారు. పండితులవారు చేత్తో ఆపారు. చాలాసేపు మాట్లాడలేదు. ఆయన అంతసేపు మాట్లాడకుండా ఉండడం కృష్ణగిరిలో ఎవరూ చూసి ఉండరు.

"నాకు తెలియనిది ఒకటి ఉంది" అన్నారు చివరికి. "ఇందాక నా చేత ఎవరి పేరు చెప్పించారో, ఆవిడ నా ఉపన్యాసాలు నలభై ఏళ్ళుగా వింటోంది. అందరూ వచ్చి సందేహాలు అడుగుతారు. ఆవిడ ఒక్కటీ అడగలేదు. ఎందుకో నాకు తెలియదు."

అవ్వ చింతగింజల వైపు చూసింది. మూల నుంచి సన్నటి గొంతు వచ్చింది.

"మీరు యాడైనా ఆపినారా సామీ? అడగల్లంటే సందు ఉండల్ల కదా."

కోడలు పిల్ల. పండితులవారిని చూడడానికి వచ్చిన ఆమె అత్త ఉలిక్కిపడింది.  

పండితులవారు ఆ పిల్లను దగ్గరికి పిలిచారు. "ఇటు రా అమ్మా. ఇప్పుడు ఆపాను. నువ్వు ఒకటి అడుగు."

ఆ పిల్ల చేతులు కొంగుకు తుడుచుకుని, ఏనుగు ప్రశ్న అడిగింది. కొబ్బరికాయ, టపాకాయలు, పాపమా కాదా. ఆయన ఆలోచించి, మనసులో క్షమాపణ చెప్పుకుని తరిమితే పాపం అంటదని చెప్పారు.

"ఏనుగు ఎదురుగా ఉన్నప్పుడు ఒత్తి అంటించేదానికే టైము ఉండదు సామీ, క్షమాపణ యాడ చెప్పేది? ఇది ఆపద్ధర్మం కదా, ప్రాణానికి ముప్పు వచ్చినప్పుడు నియమం పక్కకు జరుగుతుంది. మళ్ళా దినం ఒక కాయ ఎక్కువ కొడితే సరిపోదా?"

"ఆపద్ధర్మం ఒకసారికి చెల్లుతుంది. దినమూ జరిగేది ఆపద ఎలా అవుతుంది?" అన్నారాయన.

"ఏనుగు దినమూ వస్తా ఉంటే ఆపద దినమూ వచ్చినట్లే కదా సామీ" అంది ఇంకొకావిడ. ఇంకొకావిడ, అన్ని ప్రాణుల్లో దేవుడు ఉన్నాడంటే తినే ఏనుగులోనూ ఉన్నాడు, పస్తు పడుకునే మా పిల్లల్లోనూ ఉన్నాడు, ఎవరికి పెట్టేది ముందు అంది. దేవుడు ఎక్కడ ఉన్నాడన్న మొదటి ప్రశ్నకు మా పుస్తకంలో జవాబు అదే. తర్వాత దానం వచ్చింది, అహింస వచ్చింది, కర్మ వచ్చింది. అన్నీ వాదనలో కత్తుల్లా తిరుగుతున్నాయి. ఆయన ఒకటి అంటే వీళ్ళు రెండు. పండితులవారు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ముందుకు వంగారు. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి.

"అయితే మీ టీచరు ఏం చెప్పింది ఈ ఏనుగుకు?"

"పిలిచినప్పుడు దేవుడు, పిలవకుండా వస్తే ఏనుగు అని చెప్పింది" అంది కోడలు పిల్ల.

ఆయన నా వైపు తిరిగారు. ఒక క్షణం ఏమనుకుంటారో అర్థం కాలేదు. "ఇది నేను వచ్చే ఉత్సవంలో వాడుకోవచ్చునా?" అన్నారు. వాడుకున్నారు కూడా. నా పేరు చెప్పలేదు, అది వేరే సంగతి.

లేస్తూ కార్యదర్శితో అన్నారు. "ఈ ఊరు తీయొద్దు. మీ ప్రశ్నలకు జవాబులన్నీ వచ్చేశాయి. వచ్చిన దారి వేరు, అంతే."

"మరి మార్కులు?"

"మీకు తెలిసిందే వేసుకోండి."

గడప దగ్గర ఆయన ఆగి, వచ్చే వారం మళ్ళీ వస్తానని చెప్పారు. ఒంటరిగా కాదట. కోడలు పిల్ల సుత్తి తీసుకుని కూర్చుని, ఒకే కాయను పిండి అయ్యేదాకా కొట్టింది.

మరుసటి వారం జీపులోంచి పండితులవారి వెనక ఆవిడ దిగింది. పొట్టి మనిషి, లావు కళ్ళద్దాలు, నేత చీర. గడప దగ్గర అవ్వ నోరు తెరవకముందే మొగుడి పేరు ఇంటిపేరుతో, బిరుదులతో సహా అప్పజెప్పి, తలుపు తనే తోసుకుని లోపలికి వెళ్ళింది. వెళ్ళి చాప మీద కూర్చుని ఒక సుత్తి తీసుకుంది.

కాసేపటికి పండితులవారు బయటికి వచ్చారు. "నన్ను పొమ్మన్నారు. ఆవిడ ఏదో ప్రశ్న అడగాలట. మగవాళ్ళు ఉండకూడదట." ఆయన జీపు నీడలో రాయి మీద కూర్చున్నారు, వంటింటి వాసనకు కాచుకున్న మనిషిలా తలుపు వైపే చూస్తూ.

నేను లోపల ఉండాల్సింది. కానీ వాళ్ళతో వచ్చిన కార్యదర్శిగారు నన్ను వాకిట్లో పట్టుకున్నారు. నివేదికలో పరీక్ష జరిగింది అని రాయాలా, జరగలేదు అని రాయాలా అని. జరిగింది అన్నాను. ప్రశ్నలు వాళ్ళు అడిగితే అది పరీక్ష ఎలా అవుతుంది అన్నారు. అడిగినవాళ్ళను బట్టి కాదు, చెమట పట్టినవాళ్ళను బట్టి అవుతుంది అన్నాను. ఇలా ఇద్దరం రెచ్చిపోయి ఉండగా, లోపల సుత్తుల చప్పుడు ఆగిపోయింది. ఒక్కటి కూడా లేదు. పండితులవారు రాయి మీద నుంచి సగం లేచారు.

ఆ తర్వాత నవ్వు. అలాంటి నవ్వు నేను అంతకుముందు వినలేదు, తర్వాతా వినలేదు. ఒకరు ఆపితే ఇంకొకరు ఎత్తుకుంటున్నారు. పెంకుల మీద కాలు జారుతూ లోపలికి పరిగెత్తాను. అవ్వ గోడకు ఆనుకుని కళ్ళు తుడుచుకుంటోంది. పండితులవారి భార్య కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుస్తోంది. కోడలు పిల్ల తన అత్త ఒళ్ళో తల పెట్టి నవ్వుతోంది. అత్త ఒళ్ళో.

"ఏం అడిగారు?" అన్నాను.

అవ్వ నన్ను చూసింది. "నీకు తెలీదా టీచరమ్మా?"

"తెలీదు అవ్వా. నిజంగా తెలీదు."

"అయితే ఇంకొక దినం చెప్తాములే" అంది. అందరూ మళ్ళీ మొదలుపెట్టారు.

ఆ ఇంకొక దినం రాలేదు. జీపులో పండితులవారు నన్ను అడిగారు, నేను చెప్పలేకపోయాను. ఇంట్లో ఆవిడనే అడిగారట. పేరు పెట్టి పిలిచి అడిగారట. నవ్వి ఊరుకుందట.

క్లాసు చాలా ఏళ్ళు నడిచింది. తర్వాత ఆ కోడలే నా జాగాలో కూర్చుని నడిపింది, నాకంటే బాగా. నేను ఆ పని మానుకుని, ఇప్పుడు మత్తిగిరి ఇంట్లో మళ్ళీ గోడలతో వాదిస్తున్నాను. అవ్వ లేదు. పండితులవారూ, ఆవిడా లేరు. కోడలికి అప్పుడప్పుడు ఫోన్ చేస్తాను. అన్నీ చెప్తుంది. ఆ ఒక్కటి అడిగితే, "మీరు ఆ పొద్దు బయట వాదించకుండా లోపల ఉండల్సింది అక్కా" అని నవ్వుతుంది.

ఆ వసారాలో చింతపండు కొట్టినవాళ్ళు గానీ, వాళ్ళ కూతుళ్ళు గానీ ఇది చదువుతూ ఉంటే, మీ ఊరి మర్యాద ప్రకారమే అడుగుతున్నాను. తెలిసి అడగడం లేదు, ఎవరినీ తూకం వేయడం లేదు. నలభై ఏళ్ళు సందు కోసం కాచుకుని, ఆ మధ్యాహ్నం ఆవిడ అడిగిన ప్రశ్న ఏమిటి?